చేతులతో తోసుకొచ్చిన పెట్టె

మొన్న మా అమ్మాయి నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, తిరిగి అల్వాల్ వచ్చే దారిలో, స్టేషను దగ్గర కొత్తగా వేసిన తోటలో ఒక పాత రైలుపెట్టెను అలంకరించి నిలబెట్టారట, నీకు నచ్చుతుంది దిగమ్మా అని ఆటో ఆపించింది. కంట్లో వేసిన మందుకు లోకమంతా మసకగానే ఉంది గానీ, ఆ పెట్టెను గుర్తుపట్టడానికి నాకు కళ్లతో పని లేదు. గొలుసు కట్టిన కంచె పక్క సందులోంచి లోపలికి వెళ్లి, తలుపు పక్కనున్న చెక్క మీద అరచెయ్యి ఆనించాను. అంతే, ఎక్కడినుంచో కాపలా పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, చెయ్యి తియ్యిండ్రి. ముట్టుకోవద్దని గంత పెద్ద బోర్డు పెట్టినం, సూడలేదా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, ఊరుకోమన్నట్టు నొక్కింది. నేను ఊరుకునే రకం కాదని దానికి తెలుసు, ఆ రోజు ఎందుకో ఊరుకున్నాను.

బోర్డు మీద ఏం రాశారో అమ్మాయి చదివి వినిపించింది. ఏ కర్రతో చేశారో, పొడవెంతో, ఏ దారిలో తిరిగిందో, చిన్న పట్టాల కాలం నాటి ఇలాంటి పెట్టెలు ఈ చుట్టుపక్కల ఇక మిగలలేదనీ, అన్నీ ఉన్నాయి. మిగతావన్నీ ముక్కలై పోతే ఇదొక్కటే ఎలా మిగిలిందో మాత్రం ఒక్క ముక్క లేదు. రాసినవాళ్లకు తెలిస్తే కదా! తెలిసినవాళ్లం కొందరమే మిగిలాం, మాలో కలం పట్టే ఓపిక ఉన్నది నాకొక్కదానికే. అందుకని నా ఈడువాళ్లు నలుగురు చదివినా చాలని ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది బన్సీలాల్‌పేటలో. ఇప్పుడు అక్కడి మెట్లబావిని కడిగి, దీపాలు పెట్టి, జనం ఫోటోలు దిగేలా చేశారు గానీ, మా చిన్నప్పుడు అది చెత్త పోసుకునే గొయ్యి. పాత వస్తువులకు ఈ ఊళ్లో ఎప్పుడు దశ తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పెళ్లయ్యాక రైల్వే క్వార్టర్లకు వచ్చాను. మా ఆయన యార్డులో ఫిట్టరు. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. దినాలయ్యాయో లేదో, చంకలో పిల్ల, చేతిలో అర్జీతో ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఆయన పోయినందుకు బదులుగా నాకు పని ఇచ్చారు. రైలు సీట్లు కుట్టే షెడ్డులో ఖలాసీ ఉద్యోగం. చిరిగిన రెగ్జిన్ విప్పడం, లోపలి కొబ్బరిపీచు దులిపి ఎండబెట్టడం, మళ్లీ కూరి కుట్టడం. పీచు దుమ్ము ముక్కులోకి, జుట్టులోకి, సద్దిగిన్నెలోకి కూడా పోయేది.

ఆ యార్డు నిండా మగవాళ్లే. ఆడవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మగవాళ్లు నల్లా కింద నిలబడి ఒళ్లు కడుక్కుంటారు, గోడ చాటున బట్టలు మార్చుకుంటారు, చెట్టు కింద తిని అక్కడే తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటారు. మేమెక్కడికి పోవాలి? మాకంటే ముందు చేరిన పెద్దామె ఒకావిడ ఉండేది, మేమంతా పెద్దక్క అనేవాళ్లం. చిన్నప్పుడు వాళ్లమ్మతో మోండా మార్కెట్టులో కూరగాయల బండి తోసిన మనిషి, ఎవరికీ జంకేది కాదు. యార్డు చివర గడ్డి మొలిచిన పట్టాల మీద పనికిరాదని పక్కన పెట్టేసిన ఒక చెక్కపెట్టె ఉంటే, నేను చేరకముందే షెడ్డు మేస్త్రీ మీద అరిచి దాన్ని ఆడవాళ్లకు ఇప్పించింది ఆమే.

ఆ పెట్టెలో ఏముందని అడగకండి. సీట్లు సగం లేవు, ఫ్యాన్లు ఎప్పుడో పోయాయి. కానీ తలుపుకు లోపలివైపు అరచెయ్యంత ఇత్తడి గడియ ఉండేది. వేస్తే ఠక్కున పడేది. మధ్యాహ్నం గడియ వేసుకుని అన్నం తినేవాళ్లం, పీచు దులుపుకుని చీర మార్చుకునేవాళ్లం, మాలో అందరికంటే చిన్నది బాలింతగా పనికి వచ్చినప్పుడు సామాన్లు పెట్టే బల్లకు చీర కట్టి ఊయల వేసింది కూడా అందులోనే. నా సంగతి చెప్పాలంటే, పనిలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక నేను వెనక ఉండిపోయి, గడియ వేసుకుని, మా ఆయన పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. ఇంట్లో పిల్ల జడుసుకుంటుందని ఏడవలేదు, బంధువులు జాలిపడతారని ఏడవలేదు. ఆ పెట్టెలో ఏడిస్తే ఎవరూ తలుపు తట్టలేదు, ఏమైందని అడగలేదు. బయటికి వచ్చేసరికి పెద్దక్క మెట్టు మీద కూర్చుని వక్క నములుతూ ఉంది, కాపలాగా. నా వైపు చూడనైనా లేదు. ఇద్దరం షెడ్డుకు నడిచాం.

కొన్నేళ్లకు చిన్న పట్టాలన్నీ పీకేసి పెద్ద పట్టాలు వేసే రోజులు వచ్చాయి. పాత పెట్టెలకు ఇక నడిచే దారే లేదు. యార్డు చివర వాటిని వరుసగా నిలబెట్టి, ముక్కలు చెయ్యడానికి ఒక గుత్తేదారుకు ఇచ్చారు. అతని మనుషులు గ్యాస్ కట్టర్లతో వచ్చి గుడారాలు వేసుకుని, ఒక్కో పెట్టెనూ కోస్తూ మా వైపు రావడం మొదలుపెట్టారు. ఆ కోత వాసన మా అన్నంలోకి వచ్చేది. దసరా మర్నాడు మా పెట్టె వంతు అని తెలిసింది. కొత్త గది సంగతి అడిగితే, కడతారులే, ఎప్పుడో కడతారు అన్నారు మగవాళ్లు తాపీగా. వాళ్లకేం, చెట్టు ఉంది కదా!

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పెద్దక్కా నేనూ వెళ్లి పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డాం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మాట మెత్తన. మా గోడు అంతా విని, "చూడండమ్మా, క్రేను నేను ఇవ్వలేను, గడువు పెంచలేను. దసరా మర్నాటికి ఆ మూల ఖాళీ అవ్వాలి, కొత్త లైను అక్కడినుంచే పోతుంది. ఈలోపు మీ అంతట మీరు ఆ పెట్టెను యార్డు గోడ అవతలి ఖాళీ స్థలంలోకి తీసుకుపోగలిగితే, నేను వద్దనను" అన్నాడు. ఎలాగూ చెయ్యలేరనే ధీమా ఆ మాటలో ఉంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "తీస్కపోతం సార్. దసరా నాడు యార్డుల పని ఉండదు, బండ్లు తిరగవు, అందరికీ సెలవు. ఆ దినం మాకియ్యిండ్రి" అన్నాను. ఆయన సరేనన్నాడు. ఇద్దరం ఏదో రాజ్యం గెలిచినట్టు బయటికి వచ్చాం.

ఇక మా బావగారి సంగతి చెప్పాలి. మా ఆయనకు అన్నగారు, పట్టాలు వేసే గ్యాంగుకు మేస్త్రీ. తమ్ముడి భార్యనని నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడేవాడు కాదు, ఏదున్నా మా తోడికోడలితో చెప్పించేవాడు. ఆమె ద్వారానే మా సంగతి చెప్తే, తమ్ముడు పనిచేసిన యార్డు అనుకున్నాడో ఏమో, సరేనని ఉపాయం చెప్పాడు. పీకేసిన చిన్న పట్టాలు గుట్టగా పడున్నాయి కదా, వాటిని పెట్టె ముందు కొద్ది దూరం పరిచి, పెట్టెను వాటి మీదికి తోసి, వెనకవాటిని పీకి మళ్లీ ముందు పరచడం. అలా పరుస్తూ, తోస్తూ, పీకుతూ పోతే సాయంత్రానికి గోడ దాటిస్తానన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఏ రోజు అని అడిగాడు. దసరా నాడని తోడికోడలు చెప్పింది. 

"దసరా నాడు గడ్డపార పట్టుమంటదా ఆమె? చదువుకున్నది గదా, గా మాత్రం ఎరుక లేదా? ఆయుధపూజ నాడు పనిముట్లు ముడితే కండ్లు పోతయ్ అని చెప్పుండ్రి" అన్నాడు, నేను గడపలో నిలబడి వింటూ ఉండగానే.

చదువరులు నవ్వుకోవచ్చు. మా యార్డులో ఆ పద్ధతి ఎంత గట్టిదంటే, పండుగ ముందునాటి సాయంత్రం గడ్డపారలు, సుత్తులు, జాకీలు, పానాలు, చివరికి మా రెగ్జిన్ కుట్టే సూదులు కూడా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చేవాళ్లం. పండుగనాడు సాయంత్రం జమ్మి పెట్టేదాకా వాటిని వేలితో కూడా తాకేవాళ్లు కారు. ఏడాదంతా మనకోసం చాకిరీ చేసినవి, ఆ ఒక్క రోజైనా పడుకోనియ్యాలని మా అత్తగారు అనేది. ఏటేటా ఆ కుంకుమ కలిపేదాన్ని నేనే. అయినా ఆఫీసరు ముందు సెలవు రోజని సంబరంగా అడిగానే గానీ, ఆ సెలవు ఎందుకొచ్చిందో ఆ క్షణాన నాకు తట్టనే లేదు. ఆఫీసరు దగ్గరికి మళ్లీ వెళ్లి వేరే రోజు అడిగితే, ఇచ్చిన ఈ రోజు కూడా పోయేలా ఉంది.

ఇక వేరే దారి లేదన్నాడు మా బావగారు. ఒకటి, పట్టాల బాట మొత్తం పండుగకు ముందే పరిచెయ్యాలి. రెండు, పండుగనాడు చేతులతో తోయడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. చేతులు దేవుడిచ్చినవి, వాటికి సెలవు లేదు అన్నాడు. పట్టాలకు కొదవ లేదు. వాటి కింద వేసే కర్రదుంగలు, అవే స్లీపర్లు, వాటికే కరువు వచ్చింది. మంచివన్నీ అప్పటికే ఎక్కడికో తరలిపోయాయి.

ఆ స్లీపర్లు ఎక్కడున్నాయో మాకు ఆడవాళ్లకు తెలుసు. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. ప్రతి ఇంటి ముందూ మెట్టు అదే, అరుగు అదే, నల్లా దగ్గర బట్టలుతికే బల్ల అదే, కోళ్ల గూడు కింద ఉన్నదీ అదే. పెద్దక్కా నేనూ కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఇవ్వనని ఒక్కరూ అనలేదు గానీ, పండుగ పూట గుమ్మం ముందు మెట్టు లేకుండా చేస్తారా అని సణిగినవాళ్లు ఉన్నారు. మా తోడికోడలు తన ఇంటి మెట్టు తానే ఊడబెరికి మోసుకొచ్చి వేసింది. ఆ ఏడు ఎంతోమంది ఇళ్లలో లక్ష్మీదేవి గెంతుకుంటూ లోపలికి వచ్చి ఉంటుంది.

పండుగకు మిగిలిన నాలుగు రోజులూ డ్యూటీ దిగాక గ్యాంగువాళ్లు పట్టాలు పరిచారు, మేం దుంగలు మోశాం. ఫిట్టర్లు చక్రాల దగ్గర నూనె పోశారు. గోడలో ఒకచోట రాళ్లు తీసి దారి చేశారు, గల్లీకి అడ్డంగా బాట పోయింది, ఆపైన నేల కొంచెం పల్లంగా దిగి ఖాళీ స్థలంలో ఆగింది. పండుగ ముందునాటి పొద్దుగూకేవేళకు ఆఖరి మేకు కొట్టి, మా బావగారు సుత్తిని కడిగి నాకు అందేలా గట్టు మీద పెట్టాడు. కుంకుమ బొట్టు పెట్టాను.

దసరా పొద్దున తలంట్లు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని, క్వార్టర్లు క్వార్టర్లే కదిలి వచ్చాయి. పెట్టెకు వెనకా, రెండు పక్కలా చేతులు. మా బావగారు కేకేశాడు, తోశాం. కదల్లేదు. మళ్లీ తోశాం. మడమలు కంకరలో దిగబడ్డాయి, గాజులు పగిలాయి, పెట్టె మాత్రం ఉన్నచోట ఉంది. ఎవరో అన్నారు, చక్రం కింద గడ్డపార పెట్టి ఒక్క ఊపు ఊపితే చాలునని. అందరూ మా బావగారి వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. రేపటినుంచి గోడ చాటున నిలబడి చీర మార్చుకునే బతుకు కళ్లముందు కనబడింది, ఇంతమంది గుమ్మాల ముందు మెట్లు పీకించింది ఇందుకా అనిపించింది.

"బండి దిగబడితే ముందుకు నూకితే రాదు, ఎన్కకు నూకి ముందుకు నూకాలె" అంది పెద్దక్క, కూరగాయల బండి నాటి అనుభవంతో. అలాగే ముందుకూ వెనక్కూ ఊపడం మొదలుపెట్టాం. పెట్టె మూలిగింది, కొంచెం ఊగింది, అంతలోనే మా బలం అయిపోయింది. ఇంకొన్ని చేతులు కావాలి. ఇంకెవరున్నారు?

కాస్త దూరంలో గుడారాల ముందు, పెట్టెలు కోసే మనుషులు కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ల గ్యాస్ కట్టర్లు కూడా వరుసగా పడుకుని ఉన్నాయి, మెడలో బంతిపూల దండలతో, ఒంటినిండా కుంకుమతో. వాళ్లకూ ఆ రోజు పనిముట్లు ముట్టుకునే వీల్లేదు. నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. రేపు దీన్ని కొయ్యవలసినవాళ్లను, ఇవాళ తోయమని ఏ మొహంతో అడగాలి? అయినా అడిగాను. "అన్నా, చేతులు ఖాళీగనే ఉన్నయ్ గదా, జెర వచ్చి పట్టరాదుండ్రి" అన్నాను. వాళ్ల పెద్దాయన నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "పోతే పోనీ తియ్, ఒక్క డబ్బా తక్కువైతే మాకేం తక్లీఫ్ లేదు" అని తలపాగా బిగించి లేచాడు. వెనకే అందరూ లేచారు.

ఈసారి పెట్టె కదిలింది. మొదట అంగుళం, తర్వాత జానెడు, తర్వాత తుప్పు రాలుతూ నడక. మా బావగారు పాట ఎత్తుకున్నాడు, గ్యాంగువాళ్లు అందుకున్నారు. మేం మా ఇళ్ల మెట్ల మీదుగా మా పెట్టెను తోసుకుంటూ వెళ్లాం. గోడ దాటాం. గల్లీలో ఇరువైపులా జనం నిలబడి, రైలుకు దారిచ్చినట్టు దారిచ్చారు.

పల్లం దగ్గర మళ్లీ తిప్పలు వచ్చాయి. దాని బ్రేకు ఎప్పుడో చచ్చింది. వెనక్కి లాగి పట్టుకోకపోతే పెట్టె జారి ఖాళీ స్థలం అవతలి ఇళ్లమీద పడుతుంది. తాడు తెమ్మన్నారెవరో. గ్యాంగువాళ్ల తాడు కూడా పటం ముందే ఉంది, పసుపు పూసుకుని. తాడు ఆయుధమా కాదా అని మగవాళ్లు అక్కడే నిలబడి వాదులాడుకోవడం షురూ చేశారు. "మరి చీర సుత ఆయుధమేనా?" అని అడిగింది పెద్దక్క.  ఇళ్లలోంచి పాత నేతచీరలు తెచ్చి, జడ అల్లినట్టు మూడు పాయలుగా పేని, వెనక కొక్కేలకు కట్టి, ఆడవాళ్లమంతా మడమలు పాతి వెనక్కి వాలాం. పెట్టె దిగసాగింది, చీరలు బిగుసుకున్నాయి, ఒక పాయ పటపటా తెగింది. అప్పుడు మా బావగారు తన జన్మలో మొదటిసారి నా మొహం చూసి అరిచాడు. "ఇసుక, అమ్మా! పట్టాల మీద ఇసుక పొయ్యి!"

చీర వదిలి, పక్కనున్న ఇసుక కుప్పలోంచి కొంగుతో ఎత్తి, పట్టాల మీద చల్లుకుంటూ పెట్టెకు ముందుగా పరుగెత్తాను. నా వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు. చక్రాలు ఇసుకలో కరకరలాడి, నెమ్మదించి, నెమ్మదించి, ఆఖరి దుంగ దగ్గర ఆగాయి. ఆ దుంగ మా తోడికోడలి ఇంటి మెట్టు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని ఒకరికొకరం బంగారమని చేతుల్లో పెట్టుకున్నాం. పెట్టెలు కోసే పెద్దాయనకు నేనే ఇచ్చాను. పెద్దక్క మాత్రం ఒక ఆకు లోపలికి తీసుకెళ్లి ఆ ఇత్తడి గడియ సందులో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం గడియ వేసుకుని అందరం పులిహోర తిన్నాం. అవతల మిగతా పెట్టెలను కోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు అది మా గదే. పిల్లలు ఊగిన ఊయలలు మారాయి, మేం రిటైరయ్యాం, పెద్దక్క పోయింది, మా బావగారూ పోయాడు. ఆడవాళ్లకు పలకలు పరిచిన మంచి గది కట్టారని విని సంతోషించాను. ఈమధ్యే పాత రైళ్ల సంగతి తెలిసిన అధికారులెవరో చూసి, ఇది అపురూపమైనదని గుర్తించి, పెద్ద క్రేనుతో లేపి, పొడుగాటి లారీ మీద పెట్టి ఈ తోటకు తెచ్చారట. టీ తాగేంతలో అయిపోయిందని ఆ కాపలా పిల్లవాడే చెప్పాడు. మంచిదే. గాజులు పగలకుండా, చీరలు చిరగకుండా పని అయిందంటే ఎవరికి చేదు? రంగు కూడా ముద్దుగా వేశారు. కాకపోతే క్రేను వచ్చాక ఒకరి చేతులతో ఒకరికి పని లేకుండా పోయింది. పక్కింటివాళ్ల గుమ్మం ముందు మెట్టు ఇమ్మని అడిగే అవసరం ఇప్పుడు ఎవరికీ రాదు, అడిగితే ఇచ్చేవాళ్లున్నారో లేదో తెలుసుకునే అవసరమూ రాదు.

వచ్చేముందు ఉండబట్టలేక ఆ పిల్లవాడితో అన్నాను, ఇది నేను తోసిన పెట్టె బిడ్డా అని. "నువ్వు తోసినవా అవ్వా?" అని పకపకా నవ్వాడు. వాడిదేం తప్పు, నా చేతులు ఇప్పుడు చూస్తే ఎవరైనా నవ్వుతారు. లోపల తలుపుకు ఇత్తడి గడియ ఉందా అని అడిగాను. "ఏమో అవ్వా, నేను సుత లోపలికి పోలే. ఎవ్వల్నీ పోనియ్యరు" అన్నాడు. బయట మాత్రం పెద్ద తాళం కప్ప వేలాడుతోంది.

మా అమ్మాయి వద్దంటుంది గానీ, ఈ దసరాకు మళ్లీ వెళ్తాను. ముట్టుకోవద్దంటే చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని వాళ్లనే అడుగుతాను. ఒకప్పుడు ఇంతకంటే పెద్ద కోరికే అడిగి సాధించుకున్నదాన్ని. ఎక్కువసేపు అక్కర్లేదు. ఒక్కదాన్నే లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, ఆ గడియ ఇంకా ఠక్కున పడుతుందో లేదో చూసుకుని వచ్చేస్తాను.